పెరట్లో చిత్తడి మూల, బతుకమ్మకు పూలు

న్యూజెర్సీలో చాలా ఇళ్ల పెరట్లో ఒక మూల ఎప్పుడూ చిత్తడే. కప్పు మీది వాన నీళ్లు డౌన్‌స్పౌట్ గొట్టంలోంచి అక్కడికే చేరతాయి. వంగ, టమాటా పెడితే వేర్లు కుళ్లిపోతాయి. ఆ చోటును ఏటా వేరునుంచి చిగురించి వేసవి చివరినుంచి పూసే మొక్కలకు వదిలేయండి. ఆఫీసు పోగా శనివారం ఒక్కటే మిగిలేవాళ్లకు ఇవే నయం. పైగా తంగేడు, గునుగు దొరకని ఊళ్లో బతుకమ్మ వేళకు పూలు అందుతాయి.

తవ్వే ముందు 811కు ఫోన్ చేసి గ్యాస్, కరెంటు లైన్లు గుర్తు పెట్టించుకోండి. అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోయండి. మర్నాటికి ఇంకిపోతే న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ (ఊదా పూలది), హెలీనియం (పసుపు, నారింజ పూలది) నాటొచ్చు. నీళ్లు ఇంకా నిలిచి ఉంటే టర్టిల్‌హెడ్ (తాబేలు తలలాంటి పూలది), జో పై వీడ్ (గులాబీ రంగు పూల గుత్తులది) మేలు.

మే మధ్యలో, మంచు భయం పోయాక రెండడుగుల ఎడంతో నాటండి. జో పై ఆరేడు అడుగులు పెరుగుతుంది కాబట్టి మూడడుగులు వదలాలి. ఆకుల ఎరువు రెండంగుళాలు చాలు, మొదలుకు ఆనించొద్దు. నత్రజని ఎక్కువైతే కాడలు సాగి గాలివానకు వాలిపోతాయి. చిత్తడి నేలే కదా అని జులైలో వదిలేయకండి. పైమట్టి ఎండితే ఆస్టర్‌కు కింది ఆకులు మాడి బూడిద తెగులు పడుతుంది.

అసలు కిటుకు కత్తిరింపులో ఉంది. జూన్ మొదట్లో ఆస్టర్, హెలీనియం కాడల పొడవులో మూడో వంతు కోసేయాలి. పక్క కొమ్మలు వేసి మొక్క గుబురుగా, పొట్టిగా నిలబడుతుంది, పూత కాస్త వెనక్కి జరుగుతుంది. బతుకమ్మ ఒక్కో ఏడు సెప్టెంబరులో, ఒక్కో ఏడు అక్టోబరులో వస్తుంది గనుక అన్నీ కాకుండా సగం కాడలనే ఇలా కోయడం మంచిది, పూత రెండు విడతలుగా వస్తుంది. జులై 4 సెలవు దాటాక మాత్రం కత్తెర ముట్టుకోవద్దు, మొగ్గలు పోతాయి.

కోసిన ఆస్టర్ పూలు తొందరగా ముడుచుకుంటాయి. పేర్చే రోజునే, ఎండ ఉండగా కోసి నీళ్లలో పెట్టండి. హెలీనియం విషపు మొక్క. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి, కోశాక చేతులు కడుక్కోవాలి.

ఎండిన కాడలను మార్చి దాకా ఉంచండి. జో పై బాగా ఆలస్యంగా చిగురిస్తుంది. చోటు గుర్తుకు పుల్ల గుచ్చకపోతే, చచ్చిపోయిందనుకొని తవ్వేస్తారు. హెలీనియం గుబురు నడిమి భాగం మూడేళ్లకు బోడిబారుతుంది. ఏప్రిల్‌లో పెళ్లగించి, చుట్టూ ఉన్న లేత పిలకలను విడదీసి మళ్లీ నాటుకోండి.