మల్లెలతీర్థం దారిలో పడ్డ మద్ది

మృగశిర కార్తె మొదలై వానలు పడ్డాక నల్లమలకు బయల్దేరాం. అచ్చంపేటలో జువాలజీ పాఠాలు చెప్పే మా బావే పిలిచాడు. పులి అడ్డమొచ్చినా కారు ఆపుతాడో లేదో గానీ, పుచ్చిన కట్టె కనిపిస్తే మాత్రం బ్రేక్ వేస్తాడు.

మన్ననూరు చెక్‌పోస్టు దాటి, వటవర్లపల్లి దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి మల్లెలతీర్థం వైపు తిరిగాం. జలపాతం ఇంకా సన్నటి ధారే. కోతులకు మాత్రం కొదవలేదు.

మెట్లు దిగుతుంటే పక్కనే ఒక నల్లమద్ది, ఎండాకాలపు గాలిదుమారానికి వేళ్లతో సహా లేచి పడి ఉంది. బావ అక్కడే చతికిలబడ్డాడు. బెరడు నిండా పెంకుపురుగులు తొలిచిన, గుండుసూది దూరేంత బొక్కలు. ఒక్కోదాన్లోంచి తెల్లటి పొట్టు సేమ్యాలా సాగి వేలాడుతోంది. వేలు తగిలితే చాలు, పొడైపోతుంది.

"పురుగు కట్టె తింటోందా బావా?"

"తినదు, సేద్యం చేస్తది. ఒంట్లో దాచుకొని బూజు విత్తనం తెస్తది. సొరంగాల గోడలకు పెంచి, అదే తిని, పిల్లలకూ అదే పెడతది."

ఎండ పడే పైభాగంలో కథ వేరు. అక్కడ బెరడు దానంతటదే లేచి ఉంది. కింద వంకర్లు తిరిగిన దారులు, వాటినిండా గట్టిగా కూరినట్టు పిండి. మెరిసే బంగారు పురుగుల బంధువులు కొన్ని ఇలాంటి ఎండ కాసే కట్టెనే వెతుక్కుని గుడ్లు పెడతాయట. నేలకు ఆనిన అడుగుభాగం చెమ్మగా, మెత్తబడుతోంది. ఇంకొన్నేళ్లకు అది చివికాక కొమ్ము పురుగుల జాతివి వస్తాయి. చెట్టు ఒక్కటే, కాపురాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి.

పెనుగాలి వస్తే జరిగేదీ ఇదే, కాకపోతే అడవంతా ఒకేసారి. కూలిన దుంగలు, తల విరిగిన మోళ్లు, ఎండ దిగే ఖాళీలు. 1989లో హ్యూగో తుఫాను కొట్టిన ప్యూర్టో రికోలోని లుకియో అడవిలో, ఆ తర్వాత శాస్త్రవేత్తలు కావాలనే కొమ్మలు నరికి చూశారు. కొన్నిచోట్ల నరికిన కొమ్మలు తీసేశారు, కొన్నిచోట్ల వదిలేశారు, ఇంకొన్నిచోట్ల నరకని చెట్ల కిందే పోశారు. నేల మీది జీవాల్లో చాలావాటి విషయంలో పడ్డ కొమ్మల కన్నా పైన కొమ్మల కప్పు తెరుచుకోవడమే ఎక్కువ మార్పు తెచ్చిందని తేలింది. మన దగ్గర 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వేల చెట్లు నేలకూలినప్పుడు అందరం నష్టమే లెక్కపెట్టాం. పురుగుల లెక్క ఎవరూ అడగలేదు. నేనూ అడిగేవాణ్ని కాదు, పక్కన ఈ మనిషి లేకపోతే.

"పురుగు పట్టి మిగతా అడవి పోదా మరి?" అన్నాను. చచ్చిన కట్టె మీద బతికే వాటిలో ఎక్కువ శాతం నిగనిగలాడే చెట్టును ముట్టుకోలేవన్నాడు. అన్నీ అంత మంచివి కావు. 1990ల చివర్లో మధ్యప్రదేశ్‌లో సాల చెట్లను తొలిచే పురుగు విజృంభిస్తే లక్షల చెట్లు నరకాల్సొచ్చింది. నల్లమలలో సాల లేదు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

అభయారణ్యాల్లో, జాతీయ పార్కుల్లో గాలికి పడిన, ఎండిన చెట్లను తీయొద్దని సుప్రీంకోర్టు 2000 ఫిబ్రవరి 14న ఆదేశించింది. ఆ ఆదేశం రాసినవాళ్ల మనసులో పెంకుపురుగులు ఉన్నాయో లేవో గానీ, మేలు మాత్రం వాటికే ఎక్కువ జరిగిందని నా అనుమానం.

మనిషి తీసుకెళ్లని కట్టెను ఎండాకాలం మంట తీసుకెళ్తుంది. పైకి వచ్చాక ఆ సంగతే ఒక చెంచు ఫైర్‌వాచర్‌ను అడిగితే, దుంగల జోలికి తాము వెళ్లబోమని చెప్పాడు. "మంట దాటకుండా శుభ్రం చేసే ఫైర్‌లైన్‌కు అడ్డంగా పడినదాన్ని మాత్రం పక్కకు దొర్లిస్తం సార్. లేకుంటే మంట దాని మీదికెళ్లి అవతలికి దాటుతది."