గడ్డి, అడుసు కలిపి ఒక గది గోడలు లేపాను

గది లోపలి కొలత 3 మీటర్లకు 4 మీటర్లు. గోడ మందం 45 సెంటీమీటర్లు, ఎత్తు 2.1 మీటర్లు. కాగితం మీద చిన్న గదే. తలుపు, రెండు కిటికీల ఖాళీలు తీసేసినా గోడకు పట్టేది సుమారు 13 ఘనమీటర్ల మట్టి. ఎండాక కూడా 20 టన్నులు దాటుతుంది. టార్పాలిన్ మీద ఒక విడత తొక్కితే వచ్చేది 50 లీటర్ల ముద్ద, అంటే 260కి పైగా విడతలు. ఈ లెక్క చూసుకున్నాకే పార పట్టాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నవాళ్లు ఈ పని చేసి చూసే అని ఉంటారు.

పైపొర మట్టి మొక్కలకే మంచిది. అందులోని ఆకులు, వేర్లు కుళ్లితే గోడ గుల్లబారుతుంది. దాన్ని పక్కన పోసి కింది మట్టి తీశాను. గాజు సీసాలో మూడోవంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి పెడితే, ఇసుక నిమిషాల్లోనే అడుగుకు చేరుతుంది. ఒండ్రు కొన్ని గంటల్లో దిగుతుంది. బంకమట్టికి రోజో, అంతకన్నా ఎక్కువో కావాలి. అయితే నీళ్లలో బంకమట్టి ఉబ్బి ఉంటుంది కాబట్టి ఆ పొర ఉన్నదానికంటే మందంగా కనిపిస్తుంది. సీసా చూసి పాళ్లు తేల్చేయకూడదు.

పాళ్లు తేల్చింది ఇటుక సైజు దిమ్మలే. ఒక పాలు మట్టికి ఇసుక అసలు లేకుండా ఒకటి, అర పాలు, ఒక పాలు, ఒకటిన్నర, రెండు పాళ్లు కలిపి మిగతావి, మొత్తం ఐదు పోసి నీడలో ఆరబెట్టాను. ఇసుక లేనిది నెర్రెలు విచ్చింది. రెండు పాళ్లది అంచు నలిపితే రాలింది. సమపాళ్లది గోరుతో గీసినా పొడి రాల్చలేదు. నా మట్టికి అది కుదిరింది, మీ మట్టికి మీ దిమ్మలే చెప్పాలి. నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టయితే ఎంత ఇసుక కలిపినా తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతూనే ఉంటుంది. దాని జోలికి పోవద్దు.

మట్టిని ముందురోజు రాత్రే నానబెట్టాలి. పొడి గడ్డలు లోపల మిగిలితే అక్కడ గోడ అతుక్కోదు. 10 లీటర్ల బకెట్లతో మూడు మట్టి, మూడు ఇసుక పోసి మడమలతో తొక్కడం, టార్పాలిన్ అంచు లాగి ముద్దను దొర్లించడం, మళ్లీ తొక్కడం. రంగు ఒక్కటయ్యాక గింజ దులిపిన ఎండుగడ్డి కొద్దికొద్దిగా చల్లాలి. విడతకు ఒకటింబావు కిలో పట్టింది. గింజ ఉంటే ఎలుకలు చేరతాయి, మొలకలూ వస్తాయి. గడ్డిని పొట్టుగా కత్తిరించొద్దు, పొడవుగా ఉంటేనే ముద్దను ముద్దతో కుడుతుంది. ఒక ఉండ చేసి ఛాతీ ఎత్తు నుంచి వదిలితే కాస్త అణగాలి. పేడకడిలా చప్పున పరుచుకుంటే నీళ్లు ఎక్కువ, పగిలి చెదిరితే తక్కువ.

కింద 45 సెంటీమీటర్ల రాతి కట్టు, దాని చుట్టూ నీరు నిలవకుండా కంకర కాలువ. మట్టి గోడ పైనుంచి తడిసినా ఎండుతుంది. కింది నుంచి చెమ్మ పీల్చుకుంటే మొదలు మెత్తబడి కూలుతుంది. ఇందులో పొదుపు చేయొద్దు.

గోడను 42 సెంటీమీటర్ల ఎత్తు చొప్పున ఐదు వరసలుగా లేపాను. రెండో వరస మీద మూడోది మూడు రోజులకే వేయడం నా తొందరపాటు. కింది వరస బయటికి నాలుగు సెంటీమీటర్లు పొట్ట వేసింది. పైభాగం దింపి, పొట్టను చెక్కి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. బొటనవేలు గట్టిగా నొక్కినా దిగనంతగా ఆరాకే పై వరస వేయాలి. పొడి వాతావరణంలోనూ వారం నుంచి రెండు వారాలు ఆగాలి. పైతలాన్ని నున్నగా చేయకుండా వేళ్లతో గుంటలు పెట్టి వదిలేస్తే, తర్వాతి వరస వేసేముందు తడిపినప్పుడు పట్టు దొరుకుతుంది. పక్కలను మర్నాడే, ఇంకా మెత్తగా ఉండగానే, పాత రంపంతో తూకం గుండు చూసుకుంటూ చెక్కాలి. వారం దాటితే అది రాయే.

ద్వారబంధానికి మేకులు నేరుగా మట్టిలో నిలవవు. నాలుగు వైపులా మేకులు దిగ్గొట్టిన చెక్క దిమ్మలను గోడలో పాతి, బంధాన్ని వాటికి బిగించాను. తలుపు ఖాళీ పైన అడ్డంగా వేసే లింటెల్ చెక్క అటూ ఇటూ 30 సెంటీమీటర్లు గోడ మీద కూర్చోవాలి. దానికీ బంధానికీ మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు వదిలాను. మట్టి ఎండుతూ కిందికి దిగుతుంది, సందు లేకపోతే తలుపు పట్టేస్తుంది. చూరు గోడ దాటి 75 సెంటీమీటర్లు ముందుకు ఉంది.

పూతకు సిమెంటు వాడమని సలహాలు చాలా వచ్చాయి. వినలేదు. సిమెంటు పూతకు వెంట్రుకంత పగులు వచ్చినా నీరు లోపలికి పోతుంది, బయటికి రాలేదు. పెచ్చు ఊడేదాకా వెనక గోడ బురదైన సంగతే తెలియదు. జల్లెడ పట్టిన మట్టి ఒక పాలు, ఇసుక రెండున్నర పాళ్లు, తరిగిన గడ్డి ఒక పాలు, కాస్త పేడ. ఇదే పూత, మొదటి పొర పదిహేను మిల్లీమీటర్లు. గోడ దిగడం ఆగేదాకా, అంటే నెలల తరబడి ఆగాకే వేశాను. చెక్కా మట్టీ కలిసే చోట మాత్రం పూత తప్పక చీలుతుంది. అక్కడ గోనెపట్టాను చిక్కటి మట్టినీళ్లలో ముంచి, రెంటి మీదా పడేలా అతికించి, దాని మీద పూశాక చీలిక మళ్లీ కనిపించలేదు.