క్రెడిట్ రిపోర్టులో నా కొత్త పేరు

పేరు మార్పు ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున పని పూర్తయిందనుకున్నాను. నెలల తరువాత, నా అప్పులూ చెల్లింపుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టు తెరిస్తే, దాని మొదటి వరుసలో నా పాత పేరే కనిపించేసరికి మనసు చివుక్కుమంది. ఆ రిపోర్టును తయారుచేసే సంస్థ, అంటే క్రెడిట్ బ్యూరో, తనంతట తానుగా ఎవరి పేరూ మార్చదని, బ్యాంకులూ కార్డు సంస్థలూ పంపిన వివరాలనే నమోదు చేసుకుంటుందని అప్పటికి నాకు తెలియదు.

ముందుగా గుర్తింపు పత్రంలోనూ, ఆ తరువాత నాకు ఖాతా ఉన్న ప్రతి రుణదాత దగ్గరా పేరు మార్పించుకున్నాను. ఎప్పుడో తీర్చేసిన ఒక రుణం మాత్రం పాత పేరుతోనే మిగిలిపోవడంతో, ఉత్తర్వు నకలు, కొత్త గుర్తింపు పత్రం, చిరునామా రుజువు జతచేసి బ్యూరోకే నేరుగా అభ్యర్థన పంపాను. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ వంటి బ్యూరోలు వేటి రికార్డులు అవే నిర్వహిస్తాయి కాబట్టి, ఒకచోట సరిచేసినంత మాత్రాన మరోచోట మారదు.

అప్పు తీర్చే తీరును అంకెలో చెప్పే క్రెడిట్ స్కోరు తగ్గుతుందేమోనని భయపడ్డాను కానీ, స్కోరు లెక్కలో పేరుకు చోటే లేదు. అసలు ప్రమాదం వేరే ఉంది: ఏళ్ల తరబడి గడువు తప్పకుండా కట్టిన వాయిదాలన్నీ పాత పేరు దగ్గరే ఆగిపోయి, కొత్త పేరు మీద దాదాపు ఖాళీ రిపోర్టు ఒకటి మొదలుకావచ్చు.

ఈ రోజు రిపోర్టులో నా పేరు పైన ఉంది. దాని కింద, పూర్వపు పేరు అన్న చోట పాతది ఉంది. దాన్ని పూర్తిగా తొలగించాలని కోరుకునేవారి వేదన నాకు అర్థమవుతుంది. నేను మాత్రం, నా పాత చెల్లింపులను నాతో కలిపి ఉంచే ఆ ఒక్క వరుసను అలాగే ఉండనిచ్చాను.