మూడో నంబరు

డబ్బాలో ఒక్క గింజ ఉండిపోయింది.

గుంటూరులో మూడుసార్లు తుడిచి, ఎండలో పెట్టి, పాత చీర ముక్కలో చుట్టి పట్టుకెళ్లిన రేకు డబ్బా అది. డాలస్‌లో తనిఖీకి వచ్చినాయన దాన్ని చేతిలోకి తీసుకుని ఊరికే అటూ ఇటూ తిప్పాడు. లోపల ‘టిక్’ మంది. ఆయన ఆగి మళ్లీ తిప్పాడు. మళ్లీ ‘టిక్’. నేనూ పిల్లా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మొదటి నుంచీ చెప్పకపోతే ఆ గింజకి అంత కథ ఎందుకో అర్థం కాదు. 2023 మే నెలలో నేనూ, మా హైస్కూల్లో పదో తరగతి చదివిన అమ్మాయీ కలిసి రీజెనరాన్ ఐసెఫ్‌కి వెళ్లొచ్చాం. హైస్కూలు పిల్లల సైన్సు ప్రాజెక్టులకి ప్రపంచంలో అంతకంటే పెద్ద పోటీ లేదు. 1950లో ఫిలడెల్ఫియాలో మొదలైంది, చాలా ఏళ్లు ఇంటెల్ పేరుతో నడిచింది. ఆ ఏడాది డాలస్‌లో పెడితే అరవైకి పైగా దేశాల నుంచి 1,600 మంది దాటి పిల్లలు వచ్చారు. అందులో మా పిల్ల ఒకతి. పేరు రాయొద్దని మాట తీసుకుంది. ఇంటర్‌లో ఫ్రెండ్స్ ఏడిపిస్తారట. అందుకని పిల్ల అనే రాస్తాను.

వాళ్ల నాన్న ట్రాలీ ఆటో తోలతాడు. వాళ్లమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది. గుంటూరు వాళ్లకి ఈ పని గురించి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం: గుట్టల ముందు ఆడవాళ్లు ముక్కూ మూతీ గుడ్డ కట్టుకుని కూర్చుంటారు, ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. సాయంత్రం ఇంటికెళ్లి పసిపిల్లల్ని ఎత్తుకోవాలంటే చేతులు కొబ్బరినూనెతో రుద్దుకుని కడుక్కోవాలి.

తొమ్మిదో తరగతిలో ధ్వని పాఠం చెబుతూ, ‘ఇంట్లో చెవితో పరీక్షించే వస్తువు ఏదైనా చెప్పండి’ అని అడిగాను. కొబ్బరికాయ అన్నారు, కుండ అన్నారు. వెనక బెంచీ నుంచి ఈ పిల్ల లేచి, “ఎండుమిరపకాయ మేడం. మా అమ్మ చెవి దగ్గర పెట్టుకుని ఊపుద్ది” అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు.

ఇంటికెళ్లి పోపు డబ్బాలోంచి ఒక కాయ తీసి ఊపి చూశాక నవ్వు ఆగింది. కాయ బాగా ఎండితే గింజలు లోపలి కండ నుంచి ఊడిపోతాయి, తోలు కాగితంలా బిరుసెక్కుతుంది, ఊపితే గలగలమంటుంది. తడి మిగిలితే గింజలు అతుక్కుని ఉంటాయి, తోలు మెత్తగా ఉంటుంది, శబ్దం బొద్దుగా వస్తుంది, లేదా అసలు రాదు. నిలవ ఉండాలంటే తేమ 10, 11 శాతం దగ్గర ఉండాలి. అంతకు మించితే బూజు పడుతుంది. అందులో ఆస్పర్జిల్లస్ జాతి బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఎగుమతి సరుకు పరీక్షలో అది తేలితే అంతే సంగతులు. ఇక తేమ పేరు చెప్పి రైతుకి ధరలో కోత వేయడం మిర్చి యార్డులో రోజూ చూసేదే. క్వింటా తేజ రకం మిరప ఇరవై వేలు దాటిన ఏడు ఆ కోత విలువ ఎంతో లెక్కేసుకోండి.

పిల్లకి మొదట బూజు మీదే మోజు. తడి కాయల్ని వంటింట్లో సీసాల్లో పెట్టి పెంచుతానంది. ఐసెఫ్ నిబంధనలు చదివితే ఇంట్లో సూక్ష్మజీవుల్ని పెంచడం పూర్తిగా నిషేధం. బతికిపోయాం. అలా శబ్దం దగ్గరికే వచ్చాం. పాత బిస్కెట్ల రేకు డబ్బా, బొమ్మ కారులోంచి పీకిన మోటారు, చిన్న మైకు, చిన్న కంప్యూటర్‌లా పనిచేసే ఒక ఆర్డుయినో బోర్డు. డబ్బాలో కాయ వేసి మోటారుతో ఊపిస్తే, ఆ శబ్దంలో సన్నని భాగం ఎంత, బొద్దు భాగం ఎంత అన్నది గ్రాఫులో కనిపిస్తుంది. ఎండినకొద్దీ సన్నని భాగం పెరుగుతుంది. నిజంగా తేమ ఎంతో తేల్చడానికి కాయల్ని తూచి, ఓవెన్‌లో ఎండబెట్టి, మళ్లీ తూచాం. ఈ ఓవెన్ సలహా నాది. గుర్తుపెట్టుకోండి, దీనితో పని పడుతుంది.

తర్వాత పిల్లకి ఇంకో ఆలోచన వచ్చింది. యంత్రం గొప్పదా, అమ్మ చెవి గొప్పదా?

ఇక్కడ నాకు చుక్కలు కనిపించాయి. మనుషుల మీద ఏ పరీక్ష చేసినా ముందుగా ఒక కమిటీ చూసి ఒప్పుకోవాలి. అందులో ఒక టీచర్ (ప్రాజెక్టు చేయించే టీచర్ పనికిరాదు), ఒక స్కూలు అధికారి, ఒక డాక్టరో నర్సో ఉండాలి. పాల్గొనేవాళ్ల దగ్గర సంతకాలు తీసుకోవాలి. మా హెచ్చెమ్ గారు కాగితం అటూ ఇటూ తిప్పి, “వాళ్లమ్మ మిరపకాయ ఊపితే వాళ్లమ్మకి ప్రమాదమా అండీ?” అన్నారు. పీహెచ్‌సీ డాక్టరు గారు మాత్రం శ్రద్ధగా చదివి, “ఘాటుకి దగ్గు వస్తే మధ్యలో మానేసే హక్కు ఉందని రాయండి” అని చేర్పించారు. పిల్ల వాళ్లమ్మ సంతకం పెడుతూ, “ముప్పై ఏళ్ల నుంచి దగ్గుతానే ఉన్నా, ఇప్పుడు హక్కు వచ్చిందా మేడంగారూ?” అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆరుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒక్కొక్కరికి ఇరవై కాయలు, తేమ ఎంతో చెప్పకుండా ఇచ్చాం. యంత్రానికి ఇరవైలో పదహారు సరిపోయాయి. వాళ్లమ్మకి పందొమ్మిది. తప్పిన ఆ ఒక్కటి కూడా, “అది పుచ్చు కాయ, గింజ లేదు, మీరే తప్పు కాయ ఇచ్చారు” అని కోసి చూపించింది. గింజ లేదు.

జాతీయ స్థాయిలో ఎంపికైన రోజు నుంచి సైన్సు పక్కకి పోయి కాగితాలు ముందుకొచ్చాయి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, స్కూలు రికార్డులో ఒక్క అక్షరం, పుట్టిన సర్టిఫికెట్‌లో అసలు పేరే వేరు. ఒక ఆఫీసులో ఒకాయన మమ్మల్ని నాలుగుసార్లు తిప్పాడు. దాని గురించి రాస్తే బీపీ పెరగడమే గానీ ఉపయోగం లేదు. అటు ఏప్రిల్‌లో టెన్త్ పరీక్షలు. “పబ్లిక్ పెట్టుకుని ఈ మిరపకాయల పిచ్చేంటి” అని స్టాఫ్‌రూమ్‌లో నాకు వినపడేలాగే అనేవాళ్లు. పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర్లో నానక్‌రామ్‌గూడలో, మార్చిలోనే తెరిచిన కొత్త కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. మే 6న ఫలితాలొచ్చాయి, 500 దాటాయి. స్టాఫ్‌రూమ్ చల్లబడింది.

పోస్టరు గురించి చెప్పి తీరాలి. వెడల్పు 48 అంగుళాలు మించకూడదు. బ్రాడీపేటలో ఫ్లెక్సీ కుర్రాడికి ఫైలు ఇస్తే చాలాసేపు చూసి, “మేడం, లీడర్ ఫోటో ఎక్కడ పెట్టమంటారు?” అన్నాడు. లీడరు లేడు, పూలు వద్దు, శుభాకాంక్షలు వద్దు అంటే జాలిగా చూశాడు. జెండాలు, లోగోలు, పతకాలు వేయకూడదు. ప్రతి బొమ్మ కింద అది ఎవరు తీశారో రాయాలి. కృతజ్ఞతలు కూడా వేయకూడదు. అన్నింటికన్నా పెద్ద చిక్కు ఇది: ముడి రూపంలో ఉన్న మొక్కల పదార్థం ఏదీ బల్ల మీద పెట్టకూడదు. ఎండినదైనా సరే. గుంటూరు నుంచి మిరపకాయ ప్రాజెక్టు పట్టుకెళ్తూ ఒక్క మిరపకాయ చూపించకూడదు!

దీనికి దారి పిల్లే కనిపెట్టింది. గుమ్మాలకి దిష్టికి కడతారు చూడండి, ప్లాస్టిక్ నిమ్మకాయ, ప్లాస్టిక్ మిరపకాయలు. పట్నం బజారులో ఒక దండ కొని, కాయల్ని బ్లేడుతో చీల్చి, లోపల గాజు పూసలు వేసి అంటించింది. కొన్నింటిలో పూసలు వదులుగా, కొన్నింటిలో ఫెవికాల్‌తో అతికించి. ఎండుకాయ, తడికాయ. నిమ్మకాయని నేను మా గుమ్మానికి కట్టేశాను.

నేను విమానం ఎక్కడం అదే మొదలు. గన్నవరంలో బ్యాగు తెరిపించి, మోటారూ వైర్లూ చూసి ఇదేంటని అడిగారు. “మిరపకాయలు వినే డబ్బా సార్” అంది పిల్ల. ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు. పావుగంట పట్టింది. ఢిల్లీలో మిగతా పిల్లలతో కలిసి, మధ్యలో ఇంకో విమానం మారి, చివరి పదహారు గంటలు కాళ్లు వాచేలా కూర్చుని డాలస్‌లో దిగాం. మన కంటే పదిన్నర గంటలు వెనక. ఆ రాత్రి రెండింటికి పిల్ల లేచి కూర్చుని, “మేడం, ఆకలి” అంది. వాళ్లమ్మ పెట్టిన అరిసెలు హోటల్ గదిలో చీకట్లో తిన్నాం. మర్నాడు ఎవరి ద్వారానో తెలుసుకుని పక్కనున్న ఇర్వింగ్ నుంచి నరసరావుపేట వాళ్లు అన్నం, పప్పు, గోంగూర తెచ్చిపెట్టారు. ఎవరో ఏమిటో తెలీదు, ఊరి పేరు చాలింది.

ఇక ఆ గింజ. బల్ల మీద ఏం పెట్టామో తనిఖీ చేసే ఆయన నవ్వుతూనే, తీసేస్తే గానీ సంతకం పెట్టనన్నాడు. మోటారు బిగించిన రేకు మడతలో ఇరుక్కుంది. నా మంగళసూత్రం గొలుసుకి వేలాడే పిన్నీసు తీసిచ్చాను. పిల్ల డబ్బా బోర్లించి, నాలుక కొంచెం బయటపెట్టి, ఆ మడతలో గీకుతుంటే గింజతో పాటు ఎర్రటి పొడి కాస్త రాలింది. ఆయన వంగి చూశాడు. తుమ్మాడు. వరసగా నాలుగు. తర్వాత సంతకం పెట్టాడు. ప్లాస్టిక్ కాయల్ని మాత్రం చెవి దగ్గర ఊపి చూసి, ఇంకోసారి ఊపి, పక్కనున్నావిడకి కూడా ఇచ్చాడు.

బుధవారం జడ్జింగ్. ఆ రోజు పెద్దవాళ్లని లోపలికి రానివ్వరు. పిల్లలు, జడ్జీలు, అవసరమైన వాళ్లకి దుబాసీలు, అంతే. దుబాసీ కావాలా అంటే వద్దంది. “నా ఇంగ్లీషు నాకు అర్థమవుద్ది మేడం” అంది. నేను బయట కారిడార్లో కూర్చున్నాను. ఏసీ చలికి శాలువా కప్పుకుని, గడియారం చూసుకుంటూ. పక్కన ఏ దేశమో తెలీని ఒక మాస్టారు ఊలు అల్లుకుంటున్నారు. పరీక్ష హాలు బయట నిలబడ్డ తల్లుల్ని ఇరవై ఏళ్లుగా ‘వెళ్లండమ్మా, ఇక్కడ నిలబడకండి’ అని తరిమిన మనిషిని నేను.

సాయంత్రం బయటికొచ్చిన పిల్ల మొదటి మాట: “మేడం, ఓవెన్ దగ్గర దొరికిపోయాం.”

ఒక జడ్జి అడిగారట, ఓవెన్‌లో పెడితే నీటితో పాటు మిరపకాయలో ఎగిరిపోయే గుణమున్న నూనెలు కూడా పోతాయి కదా, బరువు తగ్గిందంతా నీరే అని ఎలా అన్నావు అని. నాకు గుండె జారింది. మసాలా దినుసులకి తేమ కొలిచే అసలు పద్ధతి వేరు. టోలీన్ అనే ద్రవంతో కలిపి మరిగించి, వచ్చిన నీటిని విడిగా కొలుస్తారు. ఈ సంగతి నేను ఆ రాత్రి ఫోన్లో చదివి తెలుసుకున్నాను. ప్రాజెక్టు చేయించిన ఏడాదిలో చదవాల్సింది.

“మరి నువ్వేమన్నావు?”

“అవును సార్, మా అంకెలో నూనె కూడా కలిసి ఉండొచ్చు అన్నా. అన్ని కాయలకీ ఒకే ఓవెన్ కాబట్టి ఏది ఎక్కువ ఎండింది, ఏది తక్కువ ఎండింది అన్నది మారదు, శాతం మాత్రం మారుద్ది అన్నా. రాసుకున్నాడు.”

నేను చెప్పిన తప్పుని నా మీద చెప్పకుండా తనే మోసింది. శుక్రవారం బహుమతుల్లో మా పేరు రాలేదు. పిల్ల కాసేపు మౌనంగా ఉంది, తర్వాత విజయవాడ లేపాక్షిలో కొన్న కొండపల్లి బొమ్మల కీచైన్లు మిగతా దేశాల పిల్లలకి ఇచ్చి సంపాదించిన బ్యాడ్జి పిన్నుల్ని దేశాల వారీగా పేర్చుకోవడంలో పడిపోయింది.

తిరిగొచ్చిన రెండో ఆదివారం మా డాబా మీద ఏడాది కారానికి కాయలు ఎండబోశాను. పిల్లా వాళ్లమ్మా వచ్చారు. పోస్టరు ఫోటో చూపించమంది ఆవిడ. ఫోన్‌ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, “నా పేరెక్కడా?” అంది. పాల్గొన్నవాళ్ల పేర్లు వేయకూడదు, నంబర్లే వేయాలి, అది రూలు అని చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. అసలు ఆ చెవి ఆవిడది.

“ఎన్నో నంబరు?”

“మూడు” అంది పిల్ల.

ఆవిడ బొమ్మని వేళ్లతో పెద్దది చేసి, 3 ఎదురుగా 19/20 అని ఉన్నచోట ఆపి, కాసేపు చూసి ఫోన్ ఇచ్చేసింది. తర్వాత పట్టా మీంచి ఒక కాయ తీసి నా చెవి దగ్గర ఊపింది.

“చెప్పండి మేడంగారూ, ఎండిందా?”

జాగ్రత్తగా విన్నాను. గలగలమంది. “ఎండింది” అన్నాను.

పిల్ల కిసుక్కున నవ్వింది. వాళ్లమ్మ కాయని మళ్లీ పట్టా మీద పడేసి, “ఇంకో ఎండ పడాల” అంటూ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని కాయలు తిరగబోయడానికి కూర్చుంది.