రెండో పంచ్ ఎందుకు రావట్లేదు

మంగళవారం. రాత్రి పదకొండు దాటింది.

ఈరోజు చెప్పుకోదగ్గ పనేమీ చేయలేదు. సాయంత్రం కూర్చుని గంటన్నర పాటు ఒకే ఒక్క కాంబో వేశాను, అంతే. స్ట్రీట్ ఫైటర్ 6 అనే కొట్లాట వీడియో గేమ్‌లో మూడు దెబ్బల కాంబో, అంటే ఎదుటివాడు ఒక దెబ్బ నుంచి తేరుకోకముందే తర్వాతది తగిలేలా వేసే వరస. ఒక మీడియం పంచ్, దాని వెనక లైట్ పంచ్, ఆ లైట్ పంచ్ మీదే ఒక స్పెషల్, అంటే ఎదుటివాడు ఉన్న వైపుని బట్టి దిశలు తిప్పి బటన్ నొక్కితే వచ్చే ప్రత్యేక దెబ్బ. ఈ ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి వారంలోనే నేర్చుకునే సంగతి. నేను ఆట కొని నాలుగు నెలలైంది.

ట్రైనింగ్ మోడ్‌లో పదిసార్లు వేస్తే నాలుగుసార్లు పడేది. మ్యాచ్‌లో ఆ నాలుగూ ఉండవు. ఇన్నాళ్ళూ నా చేతులే నెమ్మది అనుకున్నాను, కొంత తప్పు వయసు మీదకి కూడా నెట్టాను. అందుకని ఇంకా వేగంగా నొక్కడం సాధన చేశాను. మొన్న ఆదివారం తమ్ముడు పక్కన కూర్చుని చూసి, "అన్నా, నువ్వు లేటు కాదు, ముందే నొక్కేస్తున్నావు" అన్నాడు. నమ్మలేదు. వరసగా ఎనిమిది ఆటలు నన్ను ఓడించిన ఊపులో ఉన్నాడు, ఎగతాళి చేస్తున్నాడనుకున్నా.

ఈరోజు ట్రైనింగ్ మోడ్‌లో దెబ్బలు తినడానికి నిలబడే డమ్మీని కాస్త మార్చి చూశాను. మొదటి దెబ్బ తిన్నాక వెంటనే గార్డ్ చేసేలా పెట్టాను. అప్పుడు తెలిసింది తేడా. రెండో పంచ్ బయటికి వచ్చి, డమ్మీ దాన్ని అడ్డుకుంటే నేను ఆలస్యం చేసినట్టు. పంచ్ అసలు బయటికే రాకపోతే ముందే నొక్కినట్టు. ఎందుకంటే మొదటి పంచ్ విసిరిన చెయ్యి ఇంకా వెనక్కి రాలేదు, ఆట నా బటన్‌ని లెక్కలోకే తీసుకోలేదు. ఇరవైసార్లు తప్పితే పద్దెనిమిదిసార్లు పంచే రాలేదు. తమ్ముడికి ఈ అంకె చెప్పదలుచుకోలేదు.

ఆట సెకనుకి 60 ఫ్రేములతో, అంటే 60 బొమ్మలతో నడుస్తుంది. ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బలోనూ మూడు ముక్కలుంటాయి. దెబ్బ మొదలై ఇంకా తగలని స్టార్టప్, తగలగలిగే యాక్టివ్, మళ్ళీ మామూలుగా నిలబడే దాకా పట్టే రికవరీ. ట్రైనింగ్ మోడ్‌లో తెర మీద పెట్టుకోగల ఫ్రేమ్ మీటర్ వీటిని ఆకుపచ్చ, ఎరుపు, నీలం గళ్ళుగా చూపిస్తుంది. ఆ రంగులు కళ్ళకి అడ్డమని నాలుగు నెలలుగా దాన్ని ఆపేసి ఉంచిన ఘనుణ్ణి నేను.

దెబ్బ తిన్నవాడు కాసేపు కదల్లేడు. అది హిట్‌స్టన్. వాడికంటే నేను ఎన్ని ఫ్రేములు ముందు తేరుకుంటే నాకు అంత ప్లస్. ఒక పంచ్ తగిలాక ప్లస్ 6 ఉందనుకుందాం. లైట్ పంచ్ మొదలైన 4వ ఫ్రేములో తగులుతుంది. అంటే నేను తేరుకున్నాక 4, 5, 6 ఫ్రేముల్లో అది ఎప్పుడు తగిలినా కాంబో నిలుస్తుంది. మూడు ఫ్రేములు, 50 మిల్లీసెకన్లు. ఇది కాగితం మీద చూస్తే ఎవరికైనా టెన్షనే. కానీ ఆటకి కొంచెం జాలి ఉంది. కొన్ని ఫ్రేములు ముందే నొక్కినా గుర్తుపెట్టుకుని, వీలైన మొదటి ఫ్రేములో పంచ్ విసురుతుంది. స్ట్రీట్ ఫైటర్ 4లో ఈ జాలి లేదు, సరిగ్గా ఒక్క ఫ్రేములోనే నొక్కాల్సిన లింకులు (ఒక దెబ్బ రికవరీ అయ్యాక తర్వాతది అతికించడం) ఉండేవి. నేను ఈ జాలిని కూడా దాటేసి ముందుకి ఉరుకుతున్నాను.

ఎందుకు ఉరుకుతున్నానో కూడా ఇవాళే దొరికింది. తప్పు మూడో దెబ్బ దగ్గరుంది. స్పెషల్ అనేది క్యాన్సిల్. అక్కడ లైట్ పంచ్ రికవరీ అయ్యేదాకా ఆగకూడదు, దాన్ని మధ్యలోనే తెంపి స్పెషల్ మొదలుపెట్టాలి. దెబ్బ తగిలిన క్షణాన ఇద్దరూ కొన్ని ఫ్రేములు బిగుసుకుపోతారే, ఆ సందులోనే పని కానిచ్చేయాలి. అంటే ఒకటికీ రెండుకీ మధ్య ఓపిక పట్టాలి, రెండుకీ మూడుకీ మధ్య పట్టకూడదు. నేనేమో స్పెషల్ ఎక్కడ తప్పిపోతుందోనన్న కంగారులో మూడింటినీ ఒకే దరువున కొడుతున్నాను, టకటకటక అని. దానికి కావలసింది టక్... టకటక్.

అసలు ఈ కాంబోలు ఎవరూ అనుకుని పెట్టినవి కావట. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 తయారవుతున్నప్పుడు, కారుని పగలగొట్టే బోనస్ స్టేజీలో ఒక దెబ్బ వెనక ఇంకో దెబ్బ అతుక్కోవడం తయారుచేసేవాళ్ళ కంటపడింది. ఇంత కష్టమైన టైమింగ్ ఎవరికి పట్టుబడుతుందిలే అని వదిలేశారు. ఎవరూ దూరలేరనుకున్న ఆ సందులో జనం ముప్పై ఏళ్ళకు పైగా కాపురం ఉంటున్నారు.

మధ్యలో ఆగడం మొదలుపెట్టాక పదికి ఎనిమిది పడ్డాయి. పాత అలవాటు చేతిని లాగుతూనే ఉంది, అందుకే పైకి "టక్... టకటక్" అనుకుంటూ నొక్కాను. గదిలో ఇంకెవరూ లేకపోవడం మంచిదైంది.

భోజనం అయ్యాక తమ్ముడితో ఆన్‌లైన్‌లో అయిదు ఆటలు. అయిదూ పోయాయి. అయితే ఈసారి ఓటమిని కాస్త దగ్గరగా చూశాను. వాడి దెబ్బని నేను గార్డ్ చేస్తాను, వెంటనే లైట్ పంచ్ కొడతాను, ప్రతిసారీ వాడిదే ముందు తగులుతుంది. ఇంతకుముందైతే నెట్‌ని తిట్టేవాణ్ణి. కొన్ని దెబ్బలు అడ్డుకున్నా కొట్టినవాడికే ప్లస్ ఇస్తాయి. వాడికి ప్లస్ 2 ఉంటే, ఇద్దరం ఒకేలాంటి 4 ఫ్రేముల పంచ్ కొట్టినా వాడిది 4వ ఫ్రేములో తగులుతుంది, నాది 6లో తగలాలి. ఆ 6 దాకా నేనెక్కడ ఉంటాను? పైగా నేను దెబ్బ మొదలుపెట్టి మధ్యలో దొరికిపోతే అది కౌంటర్ హిట్. దాంతో వాడికి ఇంకో 2 ఫ్రేములు కలిసొస్తాయి, మామూలుగా అతకని దెబ్బ కూడా అతుకుతుంది. అంటే నా తొందరే వాడికి పెట్టుబడి.

కళ్ళతో చూసి బటన్ నొక్కడానికి మనిషికి దాదాపు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. ఫ్రేముల్లో అది 12 నుంచి 15. నాలుగు ఫ్రేముల పంచ్‌ని చూసి ఆపడం ఎవరివల్లా కాదు, తమ్ముడివల్లా కాదు. వాడు నాకంటే వేగంగా ఏమీ లేడు. ఇప్పుడు ఎవరి వంతో వాడికి తెలుసు, అంతే. ఇది తెలిశాక ఊరట కలగాలి నిజానికి. ఇంకొంచెం ఉక్రోషం వచ్చింది.

నాలుగో ఆటలో ఒక్కసారి బటన్ల మీద నుంచి వేలు తీసి గార్డ్ పట్టుకుని కూర్చున్నాను. వాడు కాళ్ళ మీదకి స్వీప్ వేశాడు. అడ్డుకుంటే దాని రికవరీ చాలా పెద్దది. టక్... టకటక్. మూడూ పడ్డాయి. హెడ్‌సెట్‌లో రెండు సెకన్లు నిశ్శబ్దం, తర్వాత "ఓహో" అన్నాడు. ఆ ఓహో కోసమే గంటన్నర కూర్చున్నానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

తర్వాతి రౌండ్‌లో వాడు నా మీద నుంచి దూకి అవతలికి వెళ్ళాడు. మళ్ళీ స్వీప్, మళ్ళీ గార్డ్, టక్, టక్. స్పెషల్ రాలేదు. వాడి నవ్వు వినిపించాక గుర్తొచ్చింది, ట్రైనింగ్ మోడ్‌లో ఆ గంటన్నరా నేను ఎడమవైపే నిలబడ్డానని.