నాన్న మధ్యలో లేచి వెళ్ళిపోయిన సినిమా

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. రైతు బజారుకి వెళ్ళి దొండకాయలు, గోంగూర తెచ్చి, పెసరట్లు పోసి, నాన్నకి మాత్ర ఇచ్చి, ఆయన పాల క్యాలెండర్ మీద ఆ రోజు గడిలో టిక్కు పెట్టుకున్నాక గడియారం చూస్తే ఇంకా పదిన్నర కూడా కాలేదు. అమ్మ పిన్ని వాళ్ళింటికి వెళ్ళింది. "సినిమా చూద్దామా నాన్నా?" అంటే "ఏదో ఒకటి పెట్టమ్మా, సౌండు తక్కువ పెట్టు" అన్నారు.

2015లో వచ్చిన 'ది గన్‌మ్యాన్' పెట్టాను. షాన్ పెన్ హీరో. హావియెర్ బార్డెమ్, మార్క్ రైలాన్స్, రే విన్‌స్టన్, ఇడ్రిస్ ఎల్బా కూడా ఉన్నారు, 'టేకెన్' తీసిన పియెర్ మోరెల్ దర్శకుడు. ఇంతమంది ఉన్నారు కదా, బాగానే ఉంటుందనుకున్నాను.

మొదలు నిజంగానే బాగుంది. 2006, కాంగో. టెర్రియర్ అనే కిరాయి హంతకుడు పైకి సెక్యూరిటీ ఉద్యోగం చేస్తున్నట్టు ఉంటూ, గనుల మంత్రిని దూరం నుంచి కాల్చి చంపేస్తాడు. ఆ రాత్రే దేశం వదిలి పారిపోవాలి, ప్రేమించిన డాక్టరమ్మకి ఒక్క మాట కూడా చెప్పకుండా. ఎనిమిదేళ్ళకి మళ్ళీ అదే కాంగోకి వచ్చి బావులు తవ్వే పనిలో ఉంటాడు. అప్పుడు ముగ్గురు మనుషులు వాణ్ణి చంపడానికి వస్తారు. పంపింది ఎవరో బయటివాళ్ళు కాదు, ఒకప్పుడు కలిసి పనిచేసినవాళ్ళే. అక్కడి నుంచి లండన్, బార్సిలోనా, జిబ్రాల్టర్, పరుగే పరుగు.

నాకు ఆ గనుల మంత్రి దగ్గరే మనసు ఆగిపోయింది. మన ఫోన్ల బ్యాటరీల్లో వేసే కోబాల్ట్ ప్రపంచం మొత్తం మీద సగానికి పైగా ఆ ఒక్క దేశం నుంచే వస్తుంది. దాని చుట్టూ ఎంత కథ ఉంది! ఆ మంత్రి ఎవరు, ఏ ఒప్పందానికి అడ్డుపడ్డాడు, ఆయన పోయాక ఆ ఊళ్ళల్లో జనం ఏమయ్యారు, ఇవే నేను చూడాలనుకున్నవి. టీవీ వార్తల ముక్కలు కొన్ని చూపించి వదిలేశారు. కాంగో మనుషులు గుంపుగా, పరిగెడుతూ, ఏడుస్తూ కనిపిస్తారంతే. మిగతా కథంతా ఆ డాక్టరమ్మ కోసం ఇద్దరు మగవాళ్ళ మధ్య గొడవ. నాకు చాలా కోపం వచ్చింది.

అంతకంటే బాధ వేసింది ఇంకోటి. టెర్రియర్‌కి తల జబ్బు ఉంటుంది. ఏళ్ళ తరబడి తలకి తగిలిన దెబ్బల వల్ల మెదడు దెబ్బతిందని, ఇలాగే ఉంటే ప్రమాదమని డాక్టరు చెప్తాడు. ఆ సీన్ రాగానే నేను నాన్న వైపు చూశాను. ఆయన అప్పటికే కొంచెం ముందుకి వంగి చూస్తున్నారు.

రెండేళ్ళ క్రితం నాన్న స్కూటర్ మీంచి పడ్డారు. స్కానింగ్ తీసి, లోపల రక్తం ఏమీ లేదు, కంగారు పడకండి అని సాయంత్రానికే ఇంటికి పంపేశారు. తర్వాత ఏముంటుందో ఒక్కరూ చెప్పలేదు. ట్యూబ్‌లైట్ వేస్తే కళ్ళు మూసుకునేవారు. కుక్కర్ విజిల్ వస్తే వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చునేవారు. తెలిసిన మనిషి పేరు నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయేది, అప్పుడు ఆయన మొహం చూడలేకపోయేదాన్ని. ఇప్పుడు చాలా నయమే, అయినా అమ్మ స్టీలు గిన్నెలు బోర్లించేటప్పుడు ఇప్పటికీ కింద తుండు పరుస్తుంది.

సినిమాలో ఆ జబ్బు అలా ఉండదు. ఫైటింగ్ అయ్యాక కళ్ళు తిరుగుతాయి, గోడ పట్టుకుంటాడు, చూపు మసకబారుతుంది, కాసేపటికి మళ్ళీ లేచి ఇంకో పదిమందిని కాలుస్తాడు. తుపాకీ మోత చెవి పక్కనే మోగుతున్నా తట్టుకుంటాడు. టెన్షన్ కావాల్సినప్పుడు తలనొప్పి తెచ్చుకుని, అక్కర్లేనప్పుడు తీసేశారు. ఆ నొప్పినే కథ చేసి ఉంటే, నమ్మినవాళ్ళు చంపడానికి తరుముతుంటే ఎవరిని నమ్మాలో గుర్తు పెట్టుకోలేని మనిషి కథ అయ్యేది. షాన్ పెన్ అది చెయ్యగలడు. ఆ మొహంలో అలసట నటనలా లేదు.

బార్సిలోనాలో కాల్పులు మొదలవగానే నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను సౌండు పూర్తిగా తీసేసి మిగతాది చూశాను. చివరి పోరాటం మనిషి ఎద్దుతో తలపడే పందెపు మైదానంలో, వేలమంది జనం మధ్య. స్పెయిన్‌లో బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతంలో ఆ పందేలని 2010లోనే చట్టం చేసి 2012 నుంచి ఆపేశారు, సినిమా కథేమో 2014లో జరుగుతుంది. బార్సిలోనాలో ఇవి జరగవని వాళ్ళే చివర్లో అక్షరాలు వేసుకున్నారు. అది తెలిసి కూడా ఎద్దుని ఎందుకు తెచ్చారు? విలన్‌ని పొడవడానికి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఈ కథ ఎక్కడిదో వెతికాను. జాన్-పాట్రిక్ మాన్‌షెట్ అనే ఫ్రెంచి రచయిత 1981లో రాసిన నవలట. అందులో టెర్రియర్ తలలోకి బుల్లెట్ దిగుతుంది, బతుకుతాడు గానీ మునుపటి మనిషి కాడు, చివరికి సొంత ఊళ్ళో తండ్రి లాగే సర్వర్‌గా పనిచేస్తూ మిగిలిపోతాడు. ఆ నాలుగు ముక్కలు చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నవలలో గాయం గాయంలాగే ఉంది. సినిమాలో హీరో జైలుకి వెళ్ళొచ్చి కాంగోలో డాక్టరమ్మని కలుసుకుంటాడు, ఇద్దరూ నవ్వుకుంటారు.

రాత్రి గోంగూర పచ్చడితో భోజనం చేస్తుంటే నాన్న ఉన్నట్టుండి అడిగారు.

"పొద్దున సినిమాలో ఆ అబ్బాయి తలనొప్పి తగ్గిందా?"

"తగ్గినట్టే చూపించారు నాన్నా."

"ఎన్నాళ్ళకి?"

ఏం చెప్పాలో తెలీలేదు. "చెప్పలేదు నాన్నా" అన్నాను. ఆయన తలూపి, చెయ్యి కడుక్కొచ్చి, రాత్రి మాత్ర వేసుకుని, క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి పెన్సిల్ కోసం వెతుక్కున్నారు.