ఇంజన్ ఏదిరా దీనికి?

2024 సెప్టెంబరు చివరి వారంలో ఒక సాయంత్రం, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫోర్త్ అండ్ కింగ్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి, అక్కడ కొత్తగా తిరుగుతున్న కరెంటు రైలును ఫోన్ కెమెరాలో బాపుకు చూపించాను. కాజీపేటలో అప్పటికి మరుసటి రోజు ఉదయం ఆరున్నర అయింది. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని ఆయన రైలును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, "ఇంజన్ ఏదిరా దీనికి?" అన్నాడు. లోకో పైలట్‌గా రిటైరైన ఆయనకు ఇంజను లేని రైలు కొత్త కాదు. హైదరాబాద్‌లో 2003 నుంచి నడుస్తున్న లోకల్ రైలు ఎంఎంటీఎస్ కూడా ఆ జాతిదే. రెండంతస్తులున్న ఏడు పెట్టెల రైలుకు మోటార్లు ఎక్కడ దాచారన్నదే ఆయన సందేహం. పెట్టెల కింద చక్రాల దగ్గరేనని చెబితే, "అయితే మంచిగ ఉరుకుతది" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాడు.

నేను సన్నీవేల్‌లో ఉంటూ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆఫీసుకు ఈ రైలులోనే వెళ్లి వస్తాను. శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోసేల మధ్య తిరిగే దీని పేరు కాల్‌ట్రెయిన్. ఈ లైను 1864 నాటిది. పొగబండ్లు పోయి డీజిలు వచ్చాక కూడా దశాబ్దాల పాటు దీని పద్ధతి మారలేదు. ఒక కొసన ఇంజను, దానికి తగిలించిన వెండిరంగు రెండంతస్తుల పెట్టెలు. వాటిలో పైఅంతస్తు సీట్లు రెండు పక్కలా అటకల్లా ఉండి, నడుమ ఖాళీగా ఉండేది. కండక్టరు కింది నడవాలో నిలబడే పైవాళ్ల టికెట్లు చూసేవాడు. నేను ఆ రైలును చాలాకాలం ఇష్టపడ్డాను. కాని స్టేషన్ వదిలాక అది వేగం అందుకోవడానికి పడే అవస్థను మాత్రం రోజూ ఒంటికి పట్టించుకునేవాణ్ణి. ఇంజను గొంతు చించుకుంటుంది, పెట్టెలు బద్ధకంగా కదులుతాయి, సరిగ్గా ఊపందుకునే సరికి తరువాతి స్టేషన్ వస్తుంది.

కరెంటు రైళ్లు వచ్చాక ఆఫీసులో చాలామంది "ఇప్పుడు స్పీడు పెరిగింది" అనడం మొదలుపెట్టారు. నిజానికి గరిష్ఠ వేగం పెరగలేదు. డీజిలు రైలు గంటకు 79 మైళ్లు, అంటే 127 కిలోమీటర్ల వేగానికి మించకుండా నడిచేది. కరెంటు రైలుకు గంటకు 177 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే సత్తా ఉన్నా, ఈ మార్గం మీద ఇప్పటికీ పరిమితి ఆ 127 మాత్రమే. అయినా అన్ని స్టేషన్లలో ఆగే రైలు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోసేకు చేరడానికి ఇదివరకు సుమారు 100 నిమిషాలు తీసుకునేది, ఇప్పుడు సుమారు 75 నిమిషాలు తీసుకుంటోంది. ఎక్స్‌ప్రెస్ అయితే గంటలోపే చేరుతోంది. పరిమితి మారకుండా ప్రయాణం తగ్గిందంటే, ఆ తగ్గుదల చాలావరకు స్టేషన్ వదిలిన తొలి నిమిషంలోనూ, స్టేషన్ చేరే ముందు చివరి నిమిషంలోనూ ఉండాలి.

లెక్క చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గంటకు 127 కిలోమీటర్లంటే సెకనుకు రమారమి 35 మీటర్లు. ఒక రైలు ప్రతి సెకనుకూ తన వేగాన్ని ఒక మీటరు చొప్పున పెంచుకోగలిగితే 35 సెకన్లలో ఆ వేగాన్ని అందుకుంటుంది; ఆగకుండా పోయే రైలుతో పోలిస్తే అది పోగొట్టుకునేది అందులో సగం, అంటే 17 లేదా 18 సెకన్లు. అదే 0.4 మీటరు చొప్పున మాత్రమే పెంచుకోగలిగితే 88 సెకన్లు పడుతుంది, 44 సెకన్లు పోతాయి. ఈ రెండు అంకెలూ నేను లెక్క కోసం వేసుకున్నవే తప్ప ఏ రైలు పట్టికలోనుంచీ తీసినవి కావు. అయినా తేడా ఒక్క ఆగుడుకు 26 సెకన్లు, 20 స్టేషన్లలో ఆగే రైలుకు దాదాపు తొమ్మిది నిమిషాలు. బ్రేకు వేయడంలో మిగిలే సమయం దీనికి అదనం. ఎక్కువ చోట్ల ఆగే రైలుకే కరెంటు ఎక్కువ మేలు చేయడానికి కారణం ఇదే. ఎక్స్‌ప్రెస్‌లో తిరిగేవాళ్లకు ఆ తేడా అంతగా తెలియదు.

ఒక్క ఇంజనుకు ఆ పని ఎందుకు చేతకాదన్నది నాకు పుస్తకం కంటే ముందు బాపు చెప్పాడు. ఆయన కాజీపేట నుంచి బల్లార్షా వైపూ, విజయవాడ వైపూ డబ్ల్యూఏజీ-7 అనే కరెంటు ఇంజన్లతో గూడ్సు బండ్లు నడిపాడు. ఆ ఇంజనులో ట్రాన్స్‌ఫార్మరు మీది 32 నాచ్‌లను, అంటే మెట్లను, ఒక్కొక్కటిగా ఎక్కించుకుంటూ మోటార్లకు వోల్టేజి పెంచాలి. వాన పడి పట్టాలు తడిసినప్పుడు బరువైన బండిని లేపబోతే చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. అప్పుడు పట్టాల మీదికి ఇసుక వదిలి, నాచ్ దించి, మళ్లీ మెల్లగా ఎక్కించాలి. "పవరుంటే సరిపోదురా, పట్టా పట్టుకోవాలె" అనేవాడు. ఉక్కు చక్రానికీ ఉక్కు పట్టాకూ మధ్య పట్టు చాలా తక్కువ. చక్రం మీద పడే బరువులో కొంత భాగాన్ని మించి లాగబోతే అది జారిపోతుంది. పాత కాల్‌ట్రెయిన్‌లో లాగగలిగే చక్రాలు ఇంజను కింద నాలుగు ఇరుసులకే ఉండేవి. మొత్తం రైలు బరువులో సుమారు పావు వంతు మాత్రమే ఆ ఇరుసుల మీద పడేది, మిగిలినదంతా ఊరికే లాగించుకునే బరువు. కొత్త రైలులో మోటార్లు వేర్వేరు పెట్టెల కింద పంచి ఉన్నాయి కాబట్టి, ప్రయాణికుల బరువు కూడా పట్టాను పట్టుకోవడానికి సాయపడుతుంది.

ఇక శక్తి సంగతి. డీజిలు ఇంజను తన పొట్టలో ఉన్న యంత్రం ఇవ్వగలిగినంతే ఇస్తుంది. ఇక్కడి పాత ఎఫ్40 ఇంజన్లవి సుమారు 3000 హార్స్‌పవర్. కరెంటు రైలు ఆ యంత్రాన్ని మోయదు, కావలసిన క్షణంలో కావలసినంత తీగ నుంచి లాక్కుంటుంది. ఆ తీగలో ఉన్నది 25 కిలోవోల్టులు, మన దగ్గర ఉన్నంతే. ఫ్రీక్వెన్సీ మాత్రం మన 50కి బదులు ఇక్కడ 60 హెర్ట్జ్. వోల్టేజి ఎంత ఎక్కువైతే అదే శక్తికి కరెంటు అంత తక్కువ. ఐదు మెగావాట్లు లాగే రైలుకు 25 కిలోవోల్టుల దగ్గర 200 ఆంపియర్లు చాలు. బొంబాయిలో 1925లో మొదలైన 1500 వోల్టుల డీసీ పద్ధతిలో అదే రైలుకు 3300 పైచిలుకు ఆంపియర్లు కావాలి. అందుకే అక్కడ సబ్‌స్టేషన్లు దగ్గరదగ్గరగా పెట్టవలసి వచ్చింది, చివరికి ఆ లైన్లనూ 25 కిలోవోల్టులకు మార్చారు. ఇక్కడ మొత్తం 51 మైళ్ల మార్గానికి గ్రిడ్ నుంచి కరెంటు అందించే సబ్‌స్టేషన్లు రెండే: ఒకటి సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కోలో, రెండోది శాన్‌హోసేలో.

ఈ 51 మైళ్ల లెక్క దగ్గరే బాపు నన్ను ఏడిపించాడు. 2017 జులైలో శంకుస్థాపన చేసి, 244 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టి, 2024 సెప్టెంబరు 21న పూర్తిస్థాయిలో కరెంటు రైళ్లు నడిపారని చెబితే, "82 కిలోమీటర్లకు ఏడేండ్లా? మా ఓహెచ్‌ఈ గ్యాంగును పంపకపోయినవా!" అని నవ్వాడు. ఓహెచ్‌ఈ అంటే పట్టాల పైన ఉండే కరెంటు తీగ. ఆ మాటలో నిజం లేకపోలేదు. అమెరికాలో ఈ పని చేసిన అనుభవం ఉన్నవాళ్లు తక్కువ, ప్రతి పనికీ ఖర్చు ఎక్కువ. అయితే నడుస్తున్న రైళ్లను ఆపకుండా స్తంభాలు నాటడం, 1907 నాటి నాలుగు సొరంగాలలో తీగ పట్టేలా పైభాగాన్ని చెక్కడం తేలిక కాదు. అంతకంటే చిక్కుముడి లెవెల్ క్రాసింగులది. కరెంటు పట్టాల మీదుగానే తిరిగి వెళుతుంది కాబట్టి, రైలు ఎంత దూరంలో ఉందో ఆ పట్టాల ద్వారానే కనిపెట్టి గేటు వేసే పాత పరికరాలు ఇక పనికిరావు. వాటన్నిటినీ మార్చవలసి వచ్చింది.

రైలు ఆగేటప్పుడు మోటార్లే జనరేటర్లుగా మారి, వేగాన్ని కరెంటుగా మార్చి తీగలోకి తిరిగి పంపుతాయి. అలా తిరిగి వచ్చేది వాడిన కరెంటులో సుమారు 23 శాతమని 2025లో కాల్‌ట్రెయిన్ ప్రకటించింది. ఈ అంకె విన్నాక బాపు చాలాసేపు మాట్లాడలేదు. గూడ్సు బండ్ల బ్రేకు బ్లాకులు కాలి, పెట్టెల కింద నిప్పురవ్వలు రాలడం చూస్తూ బతికిన మనిషి ఆయన.

నాకున్న ఫిర్యాదు రైలు మీద కాదు, ప్లాట్‌ఫారాల మీద. అవి ఇంకా నేలకు జానెడు ఎత్తులోనే ఉన్నాయి; రైలు ఎక్కాలంటే ఇప్పటికీ కాలెత్తి మెట్టు ఎక్కాలి. పెద్దవాళ్లు, పిల్లల బండ్లు తోసుకొచ్చే తల్లులు, సైకిళ్లు పట్టుకున్నవాళ్లు దిగి ఎక్కేసరికి ఒక్కొక్క చోట అర నిమిషం ఇట్టే గడిచిపోతుంది. మోటార్లు కష్టపడి సంపాదించిన 26 సెకన్లను గుమ్మం దగ్గర పోగొట్టుకోవడం నాకు నచ్చదు. ప్లాట్‌ఫారం, రైలు గచ్చు ఒకే ఎత్తులోకి వస్తే, మరో రూపాయి కరెంటు ఖర్చు లేకుండా ప్రయాణం ఇంకా తగ్గుతుంది. శాన్‌హోసే దాటి గిల్రాయ్ దాకా వెళ్లేవాళ్ల ముందు ఈ ఫిర్యాదు చేయడానికి మాత్రం నాకు మొహం చెల్లదు. వాళ్లకు ఇంకా డీజిలే దిక్కు.

సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు బాపుతో మాట్లాడటం డీజిలు రోజుల్లో కుదిరేది కాదు, ఆ హోరులో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఇప్పుడు దాదాపు రోజూ మాట్లాడుతున్నాను. మొన్న హిల్స్‌డేల్ స్టేషన్ దాటాక అమ్మ మోకాళ్ల నొప్పుల గురించి చెబుతూ చెబుతూ ఆయన ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఫోనులో నాకు ఏమీ వినపడక "బాపూ" అని పిలిచాను. "ఉండరా, మోటారు సప్పుడు ఇంటున్న" అన్నాడు. సన్నగా పైకి పోతున్న ఆ కూత నాకు అలవాటై చెవికి ఆనడం మానేసి చాలా కాలమైంది. కొన్ని క్షణాల తరువాత, "ఆఁ, ఇప్పుడు పవర్ తీసిండు. స్టేషన్ వస్తున్నట్టున్నది, సూడు" అన్నాడు. కిటికీలోంచి చూస్తే బెల్మాంట్ ప్లాట్‌ఫారం దీపాలు దగ్గరపడుతున్నాయి.